పూత రాలే దాకా

కొల్లాపూర్,
1938 జనవరి 19

అక్కకు,

నువ్వూ బాలమణీ గద్వాలలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను బతికి ఉన్నాను. అంతకు మించి నా గురించి మంచిగా చెప్పుకోవడానికి ఈ నెలలో ఏమీ లేదు.

బాలమణికి కాళ్ళ వాపు తగ్గిందా? ఇక్కడ ఉన్నప్పుడు ఎవరూ చూడకుండా గోడ మట్టి గిల్లి నోట్లో వేసుకునేది. అక్కడ మీ గోడలకు సున్నం ఉంది, జాగ్రత్తగా చూసుకో. తల్లి లేని పిల్లను కట్టుకున్నాను కనుక తొలికాన్పుకు నీ దగ్గరికి పంపాను. దవాఖానలో నర్సుగా ఉన్న ఆడబిడ్డ ఇల్లు ఉండగా ఆమెకు ఇంకో పుట్టిల్లు వెతకనవసరం లేదు.

ఇక నా సంగతి. నిరుడు ఎండలు పోగానే మిషను వారు నన్ను ఈ బడికి వేసినప్పుడు, చుట్టూ మామిడి తోటలని సంబరపడ్డాను. అప్పుడు చెట్ల మీద మిగిలిన పండ్లు చూశాను గానీ పూత సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఏ కొమ్మ చూసినా పూతే. ఆ వాసనకు ఇక్కడి జనం మురిసిపోతారు. నాకు ఆ వాసన తెలిసింది మొదటి రోజు పొద్దున మాత్రమే. తర్వాత ముక్కు మూసుకుపోయింది, ఇప్పటికీ తెరుచుకోలేదు.

తెల్లవారి తలుపు తీయగానే తుమ్ములు మొదలవుతాయి. కళ్ళు దురద, అంగిలి దురద, చెవుల లోపల వేలు పోనిచోట దురద. ముక్కు నుండి మొదట నీళ్ళు, పొద్దెక్కేకొద్దీ చిక్కటి చీమిడి. రుమాలు తడిసి, ఆరి, అట్టలా బిగుసుకుని, మళ్ళీ తడుస్తుంది. నా చొక్కా చేతులు నేనే చూసుకోలేను. మొన్న ఒక పిల్లవాడి పలక దిద్దుతుంటే దాని మీద పడింది. వాడు పలకను నా చేతిలోనే వదిలేసి బయటికి పోయాడు.

ఇదంతా ఎలాగో భరించాను. పోయిన ఆదివారం జరిగింది మాత్రం భరించలేకపోతున్నాను. వనపర్తి నుండి పాస్టరుగారు వచ్చి ప్రభు భోజనం ఇచ్చారు. ద్రాక్షరసం గిన్నె పట్టుకుని వరుస వెంట నడిచే పని నాది. కిటికీలోంచి గాలి కొట్టింది. రెండు చేతులూ గిన్నెకు ఉన్నాయి, ముక్కుకు అడ్డం పెట్టుకునే చెయ్యి లేదు. తుమ్ము సూటిగా గిన్నెలోనే పడింది. నా ముందు మోకరించి నోరు తెరిచి ఉన్న నర్సమ్మ, మా ఇంటి పక్క ముసలామె, మెల్లగా నోరు మూసుకుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సంఘపెద్ద ఇస్రాయేలుగారు వచ్చి గిన్నె నా చేతుల్లోంచి తీసుకుని, "జర ఆ మూలకు పోయి కూసో, పంతులూ" అన్నాడు. బయట పారబోసి, కడిగి, మళ్ళీ నింపి తెచ్చాడు. అయినా పెదవి తడి చేసుకున్నవాళ్ళు కొద్దిమందే.

అప్పటినుండి నా ముఖం నాకే రోతగా ఉంది. అద్దం గోడ వైపు తిప్పి పెట్టాను. మీ దవాఖానలో దీనికి ఏదైనా మందు ఉంటే అడిగి పంపు.

ముక్కు తుడుచుకుంటూ,
నీ తమ్ముడు
దేవదాసు



గద్వాల,
1938 జనవరి 28

తమ్ముడు దేవదాసును ప్రభువు కాచి కాపాడును గాక.

నీ ఉత్తరం అందింది. బాలమణి వాపు తగ్గింది. సున్నం గోడ జోలికి పోలేదు గానీ కుండ పెంకు ఒకటి దిండు కింద దొరికింది. తీసి పారేశాను. రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఈ నెలాఖరుకో, వచ్చే నెల మొదట్లోనో కాన్పు కావచ్చునని డాక్టరు దొరసాని అంటోంది.

గిన్నె సంగతి బాలమణికి చదివి వినిపించాను. వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఎంత పిలిచినా పలకలేదు. నిండు నెలల మనిషికి ఇలాంటివి రాయకు.

నీది జలుబు అయి ఉంటుంది. వావిలాకు వేసి నీళ్ళు మరగబెట్టి, దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టు. ముక్కుపొడి అలవాటు చేసుకోకు. ముఖ్యంగా, ఆ ఊళ్ళో వైద్యుల దగ్గరికి పోకు. ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది వాళ్ళు చెడగొట్టగా వచ్చినవాళ్ళే. నిన్న ఒకామె చెవిపోటని వచ్చింది. ఎవరో చెవిలో పేడరసం పిండారట. దొరసాని చిమటాతో పురుగులు తీస్తుంటే నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నం అన్నం ముద్ద ముట్టబుద్ధి కాలేదు. అటువంటి వాళ్ళ చేతికి నీ ముక్కు అప్పగించకు.

ఒక సంగతి దాచకుండా రాయి. పొద్దుగూకేసరికి ఒళ్ళు వెచ్చబడుతోందా? చెమటలు పడుతున్నాయా? మనిషివి తగ్గావా? నాయనకు కూడా మొదట అందరూ జలుబనే అన్నారు. అప్పుడు నువ్వు చిన్నవాడివి, నీకు తెలియదు. నాకు తెలుసు. ఎర్రగా పడితే మాత్రం ఆ రోజే నాకు రాయాలి.

నీ కోసం ప్రార్థించే అక్క,
ఎస్తేరమ్మ



కొల్లాపూర్,
1938 ఫిబ్రవరి 9

అక్కకు వందనాలు. కవరు దొరకక కార్డు రాస్తున్నాను. ఉత్తరాలు మోసే టప్పా రామన్న ప్రతి కార్డూ చదివి ఊరికి చెబుతాడు కనుక ఎక్కువ రాయను. నాకు తగ్గలేదు. వావిలాకు ఆవిరికి ముఖం ఉడికింది గానీ ముక్కు కదలలేదు. పడుకుంటే ఊపిరి ఆడదు, నోరు తెరుచుకుని కూర్చునే తెల్లవారుస్తున్నాను. రుచి తెలియక అన్నం తినడం లేదు, ఒళ్ళు కూడా తగ్గింది. మొన్నటినుండి ముక్కులోంచీ గొంతులోంచీ ఎర్రగా పడుతోంది. రుమాలు, దిండు, అన్నీ ఎరుపే, ఉతికినా పోదు. చూస్తే డోకు వస్తోంది. ఎందువల్లనో నాకు తెలుసు. రాస్తే నువ్వు తిడతావు. బాలమణి నాకు ఒక్క ముక్క కూడా రాయదెందుకు?

దేవదాసు



గద్వాల,
1938 ఫిబ్రవరి 16

దేవదాసుకు అక్క దీవించి రాసేది.

బాలమణికి సోమవారం తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. పిల్ల బొద్దుగా ఉంది, గొంతు పెద్దది. దేవునికి స్తోత్రం.

నీ కార్డు ఆ మర్నాడే వచ్చింది. నేను చెప్పేదాకా నువ్వు గద్వాలకు రావద్దు. స్టేషను వరకు వచ్చి చూసి పోతానని కూడా అనవద్దు. నీ కంచం, చెంబు వేరుగా పెట్టుకో. బట్టలు ఉడకబెట్టు. ఉమ్మింది బూడిదలో వేసి పూడ్చు. పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించడం మానుకో. ఇస్రాయేలుగారికి కూడా ఒక ముక్క రాశాను. బడి పిల్లల సంగతి కనుక రాయక తప్పలేదు. కారణం నీకు తెలుసునని నువ్వే అన్నావు, నా చేత్తో మళ్ళీ ఆ పేరు రాయలేను.

బాలమణికి ఏమీ చెప్పలేదు. నీకు సెలవు దొరకలేదని చెప్పాను.

పాలు, గుడ్లు మానకు. ధైర్యంగా ఉండు.

ఎస్తేరమ్మ



కొల్లాపూర్,
1938 ఫిబ్రవరి 24

ఎస్తేరమ్మకు,

బిడ్డ పుట్టిన సంతోషం నాకు ఒక్క రోజైనా నిలవలేదు. నీ ఉత్తరం నా చేతికి వచ్చిన మర్నాడు పొద్దున బడి తలుపు తీసి కూర్చున్నాను. ఒక్క పిల్లా రాలేదు. ఎండ వాకిట్లోకి వచ్చాక ఇస్రాయేలుగారు వచ్చాడు. గడప దాటలేదు. వాకిట్లో, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడ్డాడు. నేను లేచి రెండడుగులు వేయగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడనే ఉండు పంతులూ, ఇటు రాకు" అన్నాడు. "మీ అక్క రాసింది. నీకు మీ నాయిన రోగమొచ్చిందంట. మేం పిల్లలు గల్లోళ్ళం, మేమేం జేస్తం."

ఆయన చెడ్డవాడు కాడు. చెబుతుంటే కళ్ళు నేల మీదే ఉన్నాయి. ఆయన పోయాక నర్సమ్మ బయటికి వచ్చి, నేను నడిచిన బాట మీద పేడనీళ్ళు చల్లింది. నాకు వినబడాలనేమో, పెద్దగా దగ్గింది కూడా.

నాకు క్షయ లేదు. జ్వరం లేదు, చెమటలు లేవు, దగ్గు లేదు. ఎర్రగా పడింది నెత్తురు కాదు, ఇంగిలీకం, మందు నూనెలో కలిపే ఎర్రపొడి. నువ్వు పోవద్దన్న వైద్యుడి దగ్గరికే పోయాను. ఊపిరాడని మనిషి ఎక్కడికి పొమ్మన్నా పోతాడు. అతను అరుగు మీద, నేను కింద వాకిట్లో వెల్లకిలా పడుకుని. నాడి చూడలేదు, ముట్టుకోలేదు. ఆముదపు కాడ విరిచి, దాని బోలులోంచి పైనుండి నా ముక్కులోకి ఎర్రటి నూనె పోశాడు. "కదలకు. నా మీద తుమ్మితే నేను మళ్ళ తానం జేయాలె" అన్నాడు. నా చీమిడిని చూసి అసహ్యపడ్డాడో, నా కులాన్ని చూసి అసహ్యపడ్డాడో తెలియలేదు. రెండింటినీ ఒకే ముఖంతో చూశాడు. నూనె చేదెక్కి ఉంది. దానిలో మేక మూత్రం కూడా కలుపుతాడని తర్వాత ఇక్కడివాళ్ళు చెప్పారు. అది గొంతులోకి దిగినప్పటినుండి ఏది మింగినా ఆ చేదే. ముక్కు తెరుచుకోలేదు. ఇంగిలీకం మాత్రం వారం పాటు ఎర్రగా కారింది. ఇదంతా కార్డు మీద రామన్న కోసం రాయమంటావా?

కార్డు అందాక నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. అడగకుండానే రోగం అంటగట్టావు, ఊరికి చాటావు, నా భార్యకు అబద్ధం చెప్పావు. నా బిడ్డను చూడడానికి సెలవు దొరకనివాణ్ణి నేనైనాను.

నాయన పోయేటప్పుడు కూడా ఇంతే. కొట్టం తలుపు దగ్గరికి నేను వస్తే చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చేదానివి. నాయన గొంతు విన్నాను గానీ ముఖం చూడలేదు. చివరికి మూటగట్టిన గుడ్డ చూశాను. ఇప్పుడు బిడ్డను చూడనివ్వవు. నాకు ఎవరిని చూపించాలో, ఎవరిని దాచాలో నువ్వే నిర్ణయిస్తావు.

బాలమణి గోడ వైపు తిరిగి పడుకుందని రాసినప్పుడే నాకు అర్థమైంది. ఇక్కడ ఉన్నప్పుడు కూడా మంచు కాలంలో నేను ముక్కు చీదితే లేచి అవతలికి పోయేది. ఆమెకు నేనంటే రోత అయితే అదే రాయి. రోగమని సాకు ఎందుకు.

బడి తలుపు మూశాను. వచ్చే నెల పాస్టరుగారు వచ్చి చూసి, నన్ను ఉంచేదీ తీసేసేదీ చెబుతారట. పూత ఇంకా రాలలేదు. తుమ్ములు ఆగలేదు.

దేవదాసు



గద్వాల,
1938 మార్చి 4

తమ్ముడా,

నీ ఉత్తరం దవాఖాన వసారాలో నిలబడి చదివాను. ఇంగిలీకం అన్న మాట వేలు పెట్టి మళ్ళీ చదివాను. నువ్వు ఎన్ని మాటలు అన్నా ఈ ఉత్తరం నాకు మంచి కబురే.

ఇస్రాయేలుగారికి ఈ రోజే రాశాను. నీకు క్షయ లేదని, పొరబడ్డది నేనని, దొరసాని నీ ఛాతీ పరీక్ష చేసి చీటీ ఇస్తుందని రాశాను. పాస్టరుగారికి కూడా రాశాను. నీ బడి నా వల్ల మూతబడ్డందుకు నాకు కష్టంగా ఉంది. కానీ అలాంటి కార్డు మళ్ళీ వస్తే మళ్ళీ అలాగే రాస్తాను. అక్కడ పాతికమంది పిల్లలున్నారు.

నాయన సంగతి నువ్వు ఎత్తావు కనుక రాస్తున్నాను. నాయన ఉమ్మిన మూకుడు ఎత్తిపోసింది నేను. ప్రతిసారీ నాకు డోకు వచ్చేది. కొట్టం వెనక్కు పోయి కక్కుకుని, మూతి కడుక్కుని, మళ్ళీ లోపలికి పోయేదాన్ని. ప్రేమ ఉంటే అసహ్యం ఉండదని ప్రసంగాల్లో చెబుతారు. నాకు ఉండింది. నాయన అది చూశాడు. నిన్ను రానివ్వవద్దన్నది నేను కాదు, నాయనే. "వాన్ని ఈడికి రానియ్యకు బిడ్డా. నన్ను గిట్ల జూస్తే మళ్ళ వాడు అన్నం దినలేడు" అన్నాడు. నువ్వు వాకిట్లో ఏడుస్తుంటే నాయన గోడ వైపు తిరిగి విన్నాడు. ఇన్నేళ్ళూ నీకు చెప్పలేదు. చెబితే నాయనకు ఇష్టం ఉండదనుకున్నాను.

ఇక బాలమణి. నీ ఉత్తరంలో ఆమె గురించి రాసింది చదివి వినిపించాను. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చంటిదాన్ని నా ఒళ్ళో పెట్టి, "అసయ్యమా? నర్సమ్మ నోరు దెరుసుకొని ఉన్నదంటే నాకు నవ్వాగలే. వదినెకు కోపమొస్తదని గోడకు దిరిగిన" అంది. నేను కూడా ఆమె ఏడుస్తోందనే అనుకున్నాను. ఆమె భుజాలు కదులుతుంటే నేను ప్రార్థన చేశాను. ఇంకో మాట కూడా అంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ముక్కు చీదితే లేచి పోయేది నిజమే. ఎవరికైనా అసయ్యమే గదా. అయితేంది, మళ్ళ వచ్చి పండుకుంటలేనా?" నీకు ఉత్తరం ఎందుకు రాయలేదంటే, కాన్పుకు ముందు కూర్చుని రాయలేకపోయానని, కాన్పయ్యాక సెలవు దొరకనివాడికి ఏం రాయాలని అంది. అది నా వల్ల జరిగింది.

దొరసానికి నీ సంగతి అంతా చెప్పాను. కళ్ళు దురద పెడతాయా, పూత మొదలైనప్పుడే మొదలైందా, ఇంట్లో తలుపులు వేసుకుంటే తగ్గుతుందా అని అడిగి, నవ్వింది. వాళ్ళ దేశంలో గడ్డి పూసే కాలంలో చాలామందికి ఇదే వస్తుందట. దాన్ని గడ్డి జ్వరం అంటారట. జ్వరం లేదు కదా అంటే, పేరు పెట్టినవాణ్ణి అడగమంది. పూత పొడి ముక్కులో చేరితే కొందరి ఒంటికి పడదట. అంటుకునేది కాదు, చంపేది కాదు.

ఆమె చెప్పింది చెప్పినట్టు చేయి. తోటల వైపు కిటికీ మూసి పెట్టు. పొద్దున పూట తోటల్లోంచి నడవకు, నడవక తప్పకపోతే ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకో. బయటినుండి రాగానే స్నానం చేసి బట్టలు మార్చు. నీళ్ళు కాచి చల్లార్చి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కొంచెం ఉప్పు కలిపి, ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి వచ్చేట్టు తల వంచి కడుక్కో. పొద్దునా సాయంత్రమూ. ఇవన్నీ ఉపశమనానికే. పూత రాలే దాకా ఆ ఊరు విడిచి ఉండడమే అసలు మందు అంది.

వచ్చే వారం దొరసానితో నేను నాగర్‌కర్నూల్ కాంపుకు పోతున్నాను. బాలమణికి తోడు పక్కింటి చాంద్‌బీ ఉంటుంది. నువ్వు ముందు నాగర్‌కర్నూల్ రా. దొరసాని ఛాతీ చూసి చీటీ రాసిచ్చాక, నేరుగా గద్వాల పోయి నీ బిడ్డను చూసుకో. ఇంటి తాళం అక్కర్లేదు, తలుపు తీసే ఉంటుంది.

అక్క,
ఎస్తేరమ్మ



గద్వాల,
1938 మార్చి 20

అక్కకు వందనాలు.

నాగర్‌కర్నూల్‌లో దవాఖాన డేరా బయట నువ్వు అన్నం పెట్టావు, నేను తిన్నాను. నాయన మాట ఇద్దరం ఎత్తలేదు. దారి పొడుగునా మాత్రం అదే తలుచుకుంటూ వచ్చాను.

ఛాతీ శుభ్రంగా ఉందని దొరసాని రాసిన చీటీ వనపర్తిలో పాస్టరుగారికి చూపించాను. ఈస్టరు తర్వాత నన్ను మానవపాడు బడికి మారుస్తారట. అక్కడ జొన్న చేలు తప్ప మామిడి తోట లేదని చెప్పారు. జొన్న పూతకు ఏమవుతానో అప్పుడు చూసుకుందాం. కొల్లాపూర్‌లో నేను బయలుదేరేటప్పుడు ఇస్రాయేలుగారు బండి దాకా వచ్చి, నా పెట్టె తానే ఎత్తి పెట్టాడు. నర్సమ్మ బయటికి రాలేదు.

ఉప్పునీళ్ళ సంగతి నువ్వు అడగలేదు గానీ రాస్తున్నాను. మొదటిసారి పోసుకున్నప్పుడు చచ్చాననుకున్నాను. నాలుగో పూటకు రెండో ముక్కులోంచి బయటికి వచ్చింది. ఎంత వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో రాయను. నా తలలో ఇన్నాళ్ళూ అది పెట్టుకుని పిల్లలకు పద్యాలు చెప్పానా అనిపించింది. తర్వాత గాలి లోపలికి పోయింది. పూర్తిగా కాదు, సన్నగా. అదే చాలనిపించింది. తోటలు దాటి వనపర్తి చేరేసరికి కళ్ళ దురద కూడా ఆగింది. రైల్లో నా పక్కన ఒకతను ఎండుచేపల గంప పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ ముక్కు మూసుకుని దూరం జరిగారు. నాకు ఆ కంపు తెలిసింది. రెండు నెలలు దాటాక నాకు తెలిసిన మొదటి వాసన అది. జరగకుండా అక్కడే కూర్చున్నాను.

బిడ్డ బాగుంది. అలా అనడానికి ముందు నిన్న జరిగింది చెప్పాలి.

నేను వచ్చేసరికి దానికి జలుబు చేసి ఉంది. నా జలుబు కాదు, మామూలుదే. చాంద్‌బీ ఇంట్లో పిల్లలందరికీ ఉంది. మొన్న పొద్దున నేను అన్నం తింటుండగా, బాలమణి బిడ్డ ముక్కు మీద నోరు పెట్టి చీమిడి గుంజి, పక్కన ఉమ్మింది. మళ్ళీ గుంజి, మళ్ళీ ఉమ్మింది. నా చేతిలో ముద్ద కంచంలోనే ఉండిపోయింది. లేచి చెయ్యి కడుక్కుని బయటికి పోయాను. ఆమె చూసింది.

నిన్నటికి బాలమణికి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. చాంద్‌బీ తన కూతురి ఇంటికి పోయి ఉంది. పొద్దువాలే వేళ బిడ్డ ఆకలికి ఏడ్చింది. రొమ్ము నోటికి అందగానే ఊపిరాడక వదిలేసింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. కాసేపటికి ఏడుపు కూడా రావడం లేదు. నోరు తెరుచుకుని, ముఖం నల్లబడి, గొంతులో గురగుర. రుమాలు కొస మడిచి తుడిచాను. లోపల ఉన్నది రాలేదు.

బాలమణి చాప మీదినుండి లేవబోయి మళ్ళీ పడిపోయింది. "నాకు తల లేస్తలేదు. నువ్వు గుంజు" అంది.

నేను కదలలేదు. ఎంతసేపో కాదు గానీ, కదలలేదు.

"నాకు అసయ్యం గాదనుకున్నవా?" అంది. గొంతు పెంచలేదు. "అయితది. గుంజి ఉమ్మేస్త. మళ్ళ గుంజుత. దానికి చీదుకునుడు రాదు గదా."

బిడ్డను ఎత్తుకున్నాను. ముక్కు నా చిటికెన వేలి గోరంత లేదు. నోరు పెట్టి గుంజాను. అసహ్యం వేయలేదని నీకు రాయను. వెచ్చగా, జిగటగా నాలుక మీదికి వచ్చింది. తూము దగ్గరికి పరుగెత్తి ఉమ్మి, కక్కుకున్నాను. మూతి కడుక్కుని లోపలికి వచ్చి రెండో వైపు గుంజాను. మళ్ళీ తూము దగ్గరికి పోయాను. మూడోసారి వచ్చేసరికి బాలమణి కళ్ళు మూసుకుని నవ్వుతోంది. జ్వరంలో కూడా ఆమెకు నవ్వాగదు.

బిడ్డ ముక్కులోంచి చిన్న ఈలలాంటి చప్పుడు వచ్చింది. గాలి లోపలికి పోయే చప్పుడు. ఆ సుఖం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకే ఎక్కువ తెలుసు. తల్లి పక్కన పెట్టాను. రొమ్ము పట్టుకుంది, వదల్లేదు. మింగడం నాకు వినబడింది.

ఈ రోజు బాలమణికి జ్వరం తగ్గుతోంది. పాలు గడ్డకడితే పెట్టమని నువ్వు బాలమణికి ముందే చెప్పిన కాపడం పెడుతున్నాను. ఇది రాసే లోపల రెండుసార్లు లేచి బిడ్డ ముక్కు చూశాను. ఒకసారి గుంజవలసి వచ్చింది. ఇప్పుడు నా పక్కన చాప మీద నిద్రపోతోంది, నోరు మూసుకుని.

నీ తమ్ముడు,
దేవదాసు